రెండో ముక్క

ఎల్లేశం దుకాణం షట్టరు ఎత్తేసరికి మార్నింగ్ షిఫ్టు బళ్ళ రద్దీ తగ్గిపోయింది. బొగ్గు దుమ్ము అణగడానికి ముందర నాలుగు చెంబుల నీళ్ళు చల్లి, గోడకు ఆనించిన పైపులను ఒకసారి చూపుతోనే లెక్కపెట్టుకున్నాడు. గోదావరిఖని మార్కెట్ వెనక వీధిలో పైపులు, నల్లాలు, మోటారు సామాన్ల దుకాణం అతనిది. పెట్టి ఇరవై రెండేళ్ళయింది.

ఆ దుకాణంలో బేరం కంటే ముందు ఒక ప్రశ్న ఉంటుంది. "దేనికి?" అని అడగనిదే ఎల్లేశం పైపు మీద చెయ్యి వేయడు. నీళ్ళ పైపు గేటుకు ఆగదు, గేటు పైపు మోటారుకు పనికిరాదు. దేనికో తెలుసుకోకుండా ఇస్తే ఆ సరుకు వారంలో తిట్లతో సహా తిరిగొస్తుందని అతనికి అనుభవం.

భార్య అనసూర్య టిఫిన్ డబ్బా తెచ్చి గల్లా పక్కన పెట్టింది.

"శివకు కొలువు కాగితం ఈ వారంల వస్తదట. నిన్న సారవ్వ వదినె ఫోన్ జేసింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలిందట."

"రానియ్యి. వచ్చిన్నాడు వీధంత స్వీట్లు పంచుత."

"నువ్వా! చుట్టాలింటికి పోతె అరటిపండ్లు సుత ఒక్కొక్కటి ఒత్తి చూసి కొనెటోనివి."

ఎల్లేశం నవ్వాడు. శివ అతని అక్క సారవ్వ కొడుకు, ఒక్కగానొక్కడు. బావ సదయ్య గనిలో ముప్పై ఏళ్ళు షాట్ ఫైరర్‌గా పనిచేశాడు. బొగ్గులో మందు కూరి పేల్చే పని. ఊపిరితిత్తులు దెబ్బతిని కంపెనీ అన్‌ఫిట్ చేస్తే ఊరికి వెళ్ళి మొక్కజొన్న చేను పట్టుకున్నాడు. ఆ ఉద్యోగమే ఇప్పుడు వారసత్వంగా కొడుకుకు రావాలి. రెండేళ్ళుగా ఇల్లంతా ఆ కాగితం కోసం ఎదురుచూస్తోంది.

ఫోన్ మోగింది. అక్కే.

"తమ్మీ, బావ చెయ్యి పోయిందిరా! చేన్ల మోటరు స్టార్టర్ డబ్బ పేలింది. దవాఖానకు తీస్కచ్చినం. జల్ది రా."

ఎల్లేశం షట్టరు సగమే దించి, బండెక్కాడు.

*

దవాఖానలో సదయ్య కుడిచేయి తెల్లగుడ్డల మూటలా ఉంది. ముఖం మీద నల్లటి చుక్కలు, కుడికంటి మీద దూది. డాక్టరు ఎల్లేశాన్ని పక్కకు పిలిచాడు.

"ఇది కరెంటు దెబ్బ కాదండీ. చేతిలో ఇనుప పెచ్చులు దిగాయి. రెండు వేళ్ళు తీసేయక తప్పదు. కంటి సంగతి కరీంనగర్ పంపితేగాని చెప్పలేం. ఇలాంటివి పోలీసులకు తెలపాలి. తెలిపాం."

గది గుమ్మం బయట సారవ్వ తమ్ముడి చెయ్యి పట్టి గుంజింది. చీర కొంగుకు రక్తం ఎండి గట్టిపడింది.

"ఎస్సై వస్తున్నడట. నువ్వే చెప్పాలె తమ్మీ. నీ దుకాణంల కొన్న పాత స్టార్టర్, అదే పేలింది అను. వ్యాపారస్తునివి, నీ మాట నమ్ముతరు."

"ముందు నాకు చెప్పు అక్కా. పేలిందేంది?"

గోడవారగా కింద కూర్చున్న శివ తల ఎత్తాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఐటీఐ ఫిట్టరు. చొక్కా ముందంతా మసి.

"నాటు తుపాకి మామా. నేనే జేసిన."

ఎల్లేశం బెంచీ లాక్కుని మేనల్లుడికి ఎదురుగా కూర్చున్నాడు.

"పందులు మామా," అన్నాడు శివ. "మక్కచేన్ల పడితె తెల్లారెసరికి చదును జేస్తయి. బాపు దగ్గుకుంట మంచె మీద కూసుంటుండు. నేను చూడలేకపోయిన. గేట్లు వెల్డింగ్ జేసెటోన్ని, ఇది చెయ్యలేనా అనుకున్న. సప్పుడైతె చాలు, పందులు ఉరుకుతయనుకున్న."

ఎల్లేశానికి ఇరవై రోజుల కిందటి మధ్యాహ్నం గుర్తొచ్చింది. శివ దుకాణానికి వచ్చాడు. ఓ మూల ఉన్న పైపు చూపించాడు. "దేనికి అల్లుడా?" అని అలవాటుగా అడిగాడు. "చేనుకు మామా" అన్నాడు వాడు, ఎటో చూస్తూ. చేనుకంటే వంద పనులు. ఆ పైపు చేనులో ఏ పనికీ రాదని ఎల్లేశానికి తెలుసు. పరాయివాడైతే రెండో ప్రశ్న వేసేవాడే. మేనల్లుడని మొహమాటపడ్డాడు. పైపు కోసి చేతికిచ్చి, కొలువొచ్చాక పెళ్ళి సంగతి చూద్దామని పరాచికాలాడి పంపించాడు.

అతను మెట్ల దగ్గరికి వెళ్ళి వకీలు అలీముద్దీన్‌కు ఫోన్ చేశాడు. ఆయన ఇంటికి నల్లాలన్నీ ఎల్లేశం దుకాణానివే. ఎవరి పేరూ చెప్పకుండా సంగతి చెప్పాడు.

"చేసినోనికి ఏడేండ్లకు తక్కువ ఉండది, ఎల్లేశం భాయ్," అన్నాడు వకీలు. "పెట్టుకున్నోనికి సుత జైలే. పందిని బెదిరియ్యనీకా, మనిషిని కొట్టనీకా అని చూడరు. లైసెన్సు లేకుంట చేసినవా, లేదా? గంతే. ఇంకో మాట. దీన్ల అబద్ధం చెప్పినోడు సుత లోపటికి పోతడు. నువ్వైతె గాదు గద?"

చట్టం దేనికి అని అడగదు. ఎల్లేశం ఫోను జేబులో వేసుకుని, అక్కడే నిలబడి తూకం వేశాడు. ఒకవైపు ఏడేళ్ళు, పోయే కొలువు, ముసలితనంలో అక్క. మరోవైపు ఒక్క అబద్ధం. గోదాములో కాలిపోయిన స్టార్టర్ ఒకటి పడే ఉంది. గంటలో దాన్ని చేను దగ్గరికి చేర్చొచ్చు. ఇనుప పెచ్చులా? డబ్బా పగిలితే ఇనుము కాక ఏముంటుంది? అబద్ధం గట్టిదే, నిలబడే సరుకే అనిపించింది.

తిరిగొచ్చి అన్నాడు. "సరె అక్కా. చెప్త."

సారవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నా కొడుకును కాపాడినవ్ తమ్మీ. ఆ పగిలిన ముక్కలు చెర్ల పడేయమని శివకు చెప్త."

ముక్కలు. ఆ మాట దగ్గర ఎల్లేశం ఆగిపోయాడు. అతను మనుషుల పేర్లు మరుస్తాడేమోగాని కొలతలు మరవడు. ఆరోజు పైపు మీద సున్నంతో గీత పెట్టింది తనే. శివ వచ్చి గీత మీద వేలు పెట్టి, "మధ్యలకు కోసియ్యి మామా" అన్నాడు. కోశాడు. కోత పడ్డాక కింద పడినవి...

"శివా. రెండు ముక్కలు గదరా నేనిచ్చింది. రెండో ముక్క ఏది?"

సారవ్వ వెంటనే అందుకుంది. "ఏదో ఉంటది తియ్యి. ఇప్పుడు గా లెక్కెందుకు?"

"అక్కా, నువ్వాగు. రెండోది సుత తుపాకే చేసినవా? ఎవని దగ్గరున్నదిరా?"

"రఘుపతి కాకకు ఇచ్చిన," అన్నాడు శివ నేలచూపులతో. "పక్క చేను గద. తనకూ ఒకటి చేసియ్యుమని పానం తీసిండు."

లోపలి నుంచి సదయ్య గొంతు వినిపించింది. మందు మత్తులో ఉన్నాడనుకున్నారు, అంతా వింటూనే ఉన్నాడు. ముగ్గురూ మంచం దగ్గరికి వెళ్ళారు.

"ఎల్లేశం, బొగ్గుబాయిల మందు పెట్టినంక పేలకపోతె ఏం చేస్తమో ఎర్కేనా?" అన్నాడు సదయ్య దగ్గుతూ. "మిస్ ఫైర్ అంటరు. ఎవ్వన్నీ దగ్గరికి పోనియ్యం. టైం చూస్కొని ఆగుతం. పని చూసే ఓవర్‌మెన్ మొత్తుకున్నా నేను కదిలెటోన్ని గాదు. ముప్పై ఏండ్లల్ల ఒక్కనికి గోరు సుత పోలే నా చేతుల."

కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నాడు.

"పొద్దుగాల తుపాకి ట్రిగ్గర్ నొక్కితె పేలలే. పంది ముందలనే ఉన్నది. ఏమైందా అని దగ్గరికి తీస్కొని చూసిన. అర నిమిషం ఆగలే. బాయిల ఉన్న బుద్ధి చేన్ల లేకపాయె. నేనే ఆగలే అంటె రఘుపతి ఆగుతడా? వానికి మిస్ ఫైర్ అంటె సుత తెల్వది."

"వానికి ఫోన్ జెయ్యిరా శివా," అన్నాడు ఎల్లేశం. "స్పీకర్ పెట్టు."

ఫోన్ ఎత్తింది రఘుపతి కాదు, అతని కూతురు హర్షిణి. ఇంటర్ చదువుతోంది. ఆడపిల్లలు లేని సారవ్వ చేతిలోనే సగం పెరిగింది.

"శివన్నా, పెద్దబాపుకు ఎట్లున్నది? బాపు బయటికి పోయిండు, ఫోన్ ఇంట్లనే మర్సిండు. పోలీసులు వస్తరేమోనని, మంచం కింద ఉన్న దాన్ని దొడ్ల గడ్డి కింద పెట్టి రమ్మన్నడు. గిప్పుడే తీసిన. ఇది గింత బరువుందేందే?"

"బిడ్డా!" అని సారవ్వ అరిచిన అరుపుకు నర్సు పరుగున వచ్చింది. "కింద పెట్టు! మెల్లగ, మెల్లగ పెట్టు బిడ్డా. పెట్టినవా?"

"పెట్టిన పెద్దమ్మా. ఏమైంది?"

"అండ్ల మందు నింపి ఉన్నదా?" అన్నాడు శివ.

"ఉన్నట్టే ఉన్నది. రాత్రి బాపు నింపుతుంటె చూసిన. పందులు రాలే, కాల్చలే అన్నడు."

"బయటికి పో హర్షీ," అంది సారవ్వ. "తలుపు పెట్టి వీధిలకు పో. ఎవ్వన్నీ ఇంట్లకు పోనియ్యకు. మీ బాపును సుత."

"బాపు తిడ్తడు పెద్దమ్మా..."

"పోకుంటె నేను సచ్చినట్టే అనుకో, పో!"

ఫోన్‌లో గొళ్ళెం పడిన చప్పుడు, తర్వాత వీధి కుక్కల అరుపులు వినిపించాయి.

"అక్కా," అన్నాడు ఎల్లేశం. "దాన్ని ఇగ మనం ముట్టద్దు. రఘుపతి ముట్టద్దు. తెలిసినోల్లే వచ్చి తియ్యాలె. పోలీసోల్లకు చెప్తెనే అది అయితది. రెండోదుందని చెప్తె, మొదటిది స్టార్టర్ అని ఎట్ల చెప్పాలె?"

"అయితె నా కొడుకును నీ చేతులతోని అప్పజెప్తవా?" సారవ్వ తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుంది. "పైపు కోసిచ్చినోనివి నువ్వు! అప్పుడు అడగనోనివి ఇప్పుడు పెద్దమనిషి తీర్గ మాట్లాడుతున్నవా? తమ్మునివి కాదు నువ్వు!"

ఎల్లేశం ఆ చేతులు విడిపించుకోలేదు. "నిజమే అక్కా. దేనికని ఒక్కసారే అడిగిన. మళ్ల అడగలే. అడగాలె ఉండె."

వరండాలో బూట్ల చప్పుడైంది. ఎస్సై లోపలికొచ్చాడు. వయసు చిన్నదే, ముఖంలో మాత్రం విసుగు. "సదయ్య ఎవరు? స్టార్టర్ పేలిందని రాయించారు. చూసినవాళ్ళు ఎవరు?"

ఎల్లేశం నోరు తెరవబోయాడు. సారవ్వ అతని కాలరు వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎస్సై ముందు నిలబడింది.

"స్టార్టర్ కాదు సారూ. నేనే అబద్ధం చెప్పిన. నాటు తుపాకి. నా కొడుకు చేసిండు. గసొంటిదే ఇంకోటి మా ఊర్ల రఘుపతి ఇంట్ల ఉన్నది, మందు నింపి ఉన్నది. అక్కడ ఆడపిల్ల ఉన్నది సారూ. ముందు ఆ పిల్ల దగ్గరికి మనుషుల్ని పంపుండ్రి. ఇగ వీన్ని ఏం చేస్తరో తర్వాత చేయుండ్రి."

శివ లేచి తల్లి పక్కన నిలబడ్డాడు. "అవును సార్. రెండు నేనే జేసిన."

"పైపు నా దుకాణంది," అన్నాడు ఎల్లేశం. "నేనే కోసిచ్చిన. రాసుకోండి."

*

ఊరికి వెళ్ళిన పోలీసులు ఆ ఇంటి చుట్టూ జనాన్ని దూరం పంపి, మందు సంగతి తెలిసిన మనిషి వచ్చేదాకా తలుపు తీయలేదట. తర్వాత ఎస్సైయే ఎల్లేశానికి చెప్పాడు. ఆ పైపు అతుకు దగ్గర దారమంత చీలిక అప్పటికే వచ్చి ఉంది. ఈసారి పేలిస్తే అది పందివైపు కాదు, పట్టుకున్నవాళ్ళ ముఖం మీదికే వచ్చేది.

శివ రిమాండుకు వెళ్ళాడు. రఘుపతి మీదా, సదయ్య మీదా కేసు పెట్టారు. ఎల్లేశాన్ని మూడుసార్లు పిలిచి వాంగ్మూలం రాసుకున్నారు. కొలువు కాగితం ఆగిపోయింది. మళ్ళీ కదులుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. తామే ముందుకొచ్చి చెప్పిన సంగతి కోర్టు ముందు పెడతానన్నాడు అలీముద్దీన్, అంతకు మించి మాటివ్వలేదు. కరీంనగర్ డాక్టర్లు సదయ్య ప్రాణాన్ని నిలబెట్టారుగాని కంటిని నిలబెట్టలేకపోయారు.

సారవ్వ తమ్ముడితో మాట్లాడలేదు. జైల్లో శివను చూసే ములాఖత్ రోజు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవారు, వేరువేరు సీట్లలో. దుకాణంలో ఎల్లేశం మాత్రం మారాడు. "దేనికి?" అని అడిగి, జవాబు వచ్చాక ఎదుటివాడి ముఖం చూస్తూ ఇంకాసేపు ఆగుతున్నాడు. ఆ ఆగడం నచ్చక ఇద్దరు ముగ్గురు గిరాకులు పక్క దుకాణానికి పోయారు. పోనిమ్మన్నాడు.

నెల దాటాక ఓ ఆదివారం ఎల్లేశం, అనసూర్య ఊరికి వెళ్ళారు. సదయ్య ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు. సగం మెతుకులు పళ్ళెం బయటే పడుతున్నాయి. సారవ్వ ఎవరినీ పలకరించకుండా వంటింట్లోకి పోయి, ఇంకో పళ్ళెం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"తిను. చిక్కిపోయినవ్."

ఎల్లేశం ముద్ద నోట్లో పెట్టుకోలేక తలదించుకున్నాడు. "అక్కా, నేను ఆనాడు..."

"నువ్వు ఒక్కసారి అడిగినవ్ తమ్మీ. నేను ఒకింట్లనే ఉండి ఒక్కసారి సుత అడగలే. పోరడు దొడ్ల పొద్దంత కొట్టుకుంట కూసుంటె, చాయ్ తీస్కపోయి ఇచ్చిన." పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపింది. "తిను."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. హర్షిణి వచ్చింది, ఒడిలో నాలుగు మక్కకంకులతో. "పందులు ఇడిసిపెట్టినయి పెద్దమ్మా. గివే దొరికినయి" అంటూ కింద పోసింది. కేసు పడ్డప్పటి నుంచి రఘుపతి ఈ ఇంటి మొగం చూడలేదు. పిల్లను పోవద్దన్నాడు కూడా. అది వినలేదు.

సారవ్వ ఆ కంకులను చూడలేదు. "ఇట్లరా" అని పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, దాని రెండు చేతులూ తన ఒడిలోకి తీసుకుంది. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వేలినీ తన బొటనవేలితో నిమురుతూ పోయింది.

"ఏంది పెద్దమ్మా, గోరింటాకు పెడ్తవా?"

సారవ్వ పెదవులు కదులుతున్నాయి. పళ్ళెం ముందు కూర్చున్న ఎల్లేశం ఆ పెదవులతో పాటే మనసులో లెక్కపెట్టాడు. పది దగ్గర ఆమె ఆగి, ఆ చేతులను కళ్ళకు అద్దుకుని ఏడ్చింది.