పెనుమూడి రేవు దాటని కిరణం

1987 మే నెల. తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజర్ కదలడానికి సిద్ధంగా ఉంది. బెంచీ మీద కునుకు తీస్తున్నట్టు కనిపించిన బ్రహ్మయ్య భుజం తట్టాడు ముత్యాలరావు. బ్రహ్మయ్య పక్కకి ఒరిగిపోయాడు. చెవి వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క.

ముత్యాలరావు స్టేషన్ ఫోన్ అందుకున్నాడు. బాపట్లలో ఇంటెలిజెన్స్ చీఫ్ శివరామయ్య పలికాడు.

"జంపని చక్కెరకి చీమలు పట్టాయండి."

మన ఏజెంట్ చనిపోయాడని ఆ కోడ్‌కి అర్థం.

"డాక్టర్ అంద్రెయ?" అన్నాడు చీఫ్.

"రైలెక్కారండి. ఒంటరిగానే."

"పెనుమూడి రేవులో విదేశీ ముఠా లాంచి ఉంది. అది సముద్రంలోకి పోతే ఆయన మనకి దక్కడు. బతిమాలు. వినకపోతే కాల్చెయ్యి."

ముత్యాలరావు మారువేషానికి తొడుక్కున్న పాస్టరు తెల్లంగీ సర్దుకుని కదులుతున్న రైలెక్కాడు.

సూర్యుడి లోపలి మంటని ఉక్కు పాత్రలో వెలిగించాలన్నది అంద్రెయ కల. దాన్నే ఫ్యూజన్ అంటారు. ఆ మంట రాజెయ్యడానికి ఆయన కట్టిన, అణుకణాలని కిరణంలా చిమ్మే పార్టికల్ బీమ్ మెషీన్‌లాంటిది దేశంలో ఇంకోటి లేదు. రేపల్లె లూథరన్ బడి టీచర్ కొడుకు, వయసంతా దానికే ధారపోశాడు. కిందటేడు నిధుల్లేవని ల్యాబ్‌కి తాళం వేశారు. మెషీన్ తుక్కు కింద వేలానికి పోయింది. ఆ తర్వాతే పరాయి ముఠా ఆయన తలుపు తట్టింది.

"అయ్యగారూ, దూర ప్రయాణం పోతున్నాను. ఒక ప్రార్థన చేస్తారా?" ఎదుటి సీట్లోంచి అడిగాడు అంద్రెయ.

ముత్యాలరావు సూర్యలంక తీరంలో వలలేసే పల్లెకారుల బిడ్డ. గంగమ్మకి మొక్కడమే తెలుసు. "గంగమ్మ తల్లీ" అని మొదలుపెట్టి నాలిక కరుచుకున్నాడు.

అంద్రెయ చూపు అతని ఒళ్లో ఉన్న సంచి మీదికి పోయింది. "నువ్వు పాస్టరువి కాదు. ఆ సంచిలో ఉన్నది బైబిలూ కాదు."

"కాదండి. పిస్టల్." ముత్యాలరావు గొంతు తగ్గించాడు. "వాళ్లకి కావలసింది ఆయుధం సార్. మా మనిషిని ఇందాకే చంపారు. వెనక్కి పోదాం రండి."

"వాళ్లు ల్యాబ్ ఇస్తామన్నారు. మీరేమిచ్చారు?" ఆయన కళ్లు తడిశాయి. "కాలిస్తే కాల్చు బాబూ. నా మెషీన్‌ని సుత్తులతో పగలగొట్టిన రోజే సగం చచ్చాను."

రేపల్లెలో దిగి రిక్షా మాట్లాడుకున్నాడు అంద్రెయ. పక్కన ఎక్కి కూర్చున్న ముత్యాలరావుని వద్దనలేదు.

పెనుమూడి రేవులో కృష్ణ ఎండకి మెరుస్తోంది. గట్టు నుంచి లాంచికి వేసిన చెక్క మీద ముఠా నాయకుడు గ్రెగర్ నిలబడి ఉన్నాడు. గట్టున షిఫాన్ చీరలో, నల్లకళ్లద్దాలతో ప్రేమకుమారి. డబుల్ ఏజెంట్. ఆమె ఏ పూట ఎటుంటుందో చీఫ్‌కే తెలియదు.

"ఈయనెవరు?" గ్రెగర్ ఇంగ్లీషులో అడిగాడు.

ముత్యాలరావు చెయ్యి సంచిలోకి పోయింది.

"మా పాస్టరు గారు. సాగనంపడానికి వచ్చారు" అన్నాడు అంద్రెయ.

ప్రేమకుమారి అద్దాలు తీసి ముత్యాలరావుని గుర్తుపట్టింది. అద్దాలు మళ్లీ పెట్టుకుంది.

అంద్రెయ చెక్క దగ్గరికి నడిచాడు. తనని పట్టివ్వని మనిషి వీపుకే సంచిలోంచి గురిపెట్టాల్సి వచ్చింది ముత్యాలరావుకి.

అంతలో అంద్రెయ ఆగాడు. "మీ ల్యాబ్‌లో నా బీమ్ ఎక్కడ ఆగుతుంది గ్రెగర్? పాత్ర గోడ ఎంత దళసరి?"

గ్రెగర్ నవ్వాడు. "గోడెందుకు డాక్టర్? మన బీమ్ ఉండేది అంతరిక్షంలో. ఆగేది శత్రువుల ఉపగ్రహం దగ్గర."

అంద్రెయ మొహం పాలిపోయింది. "అయితే నేను రాను."

గ్రెగర్ పిస్టల్ ఆయన నుదుటికి ఆనింది. "రాకపోతే ఎవరికీ దక్కవు."

బాపట్ల ఆర్డరూ అదే. ముత్యాలరావు గురి గ్రెగర్ మీదికి మార్చాడు, కానీ తూటాకి అడ్డంగా అంద్రెయే ఉన్నాడు. కాల్చలేడు. గ్రెగర్ వేలు బిగిసింది.

ప్రేమకుమారి చెక్కని కాలితో ఒక్క తన్ను తన్నింది. తూటా ఆకాశంలోకి, గ్రెగర్ కృష్ణలోకి పోయారు. లాంచి నాయకుణ్ణి వదిలేసి పారిపోయింది. ముత్యాలరావు నీళ్లలోకి దూకి గ్రెగర్‌ని జుట్టు పట్టి గట్టుకి లాక్కొచ్చాడు.

"ఈసారి మావైపేనన్నమాట" అన్నాడు రొప్పుతూ.

"నాకు ఈత రాదండి" అంది ప్రేమకుమారి. "సముద్రం మీద పోయే ఉద్దేశం మొదట్నించీ లేదు."

వారం తర్వాత రేపల్లెలో అంద్రెయ ఇంటికి వెళ్లాడు ముత్యాలరావు.

"ల్యాబ్ సంగతేమన్నారు?" ఆశగా అడిగాడు అంద్రెయ.

"నిధుల్లేవంటున్నారండి."

"మరి గుమ్మంలో ఈ తుపాకుల పోలీసులేంటి?"

"మీ విలువ తెలిసింది కదా సార్. కాపలా శాంక్షన్ చేశారు."