అండాలమ్మ టేపు

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చే దారిలో, మెట్రో పిల్లర్లు వదిలి మూడు గల్లీలు లోపలికి పోతే ఆకుపచ్చ గేటు ఇల్లొకటి ఉంది. రాత్రి ఎనిమిది దాటాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. కుక్కలు కూడా రావంటారు గానీ అది ఒట్టి కోత. కుక్కలు గేటుకానుకునే పడుకుంటాయి. మనుషులే రారు.

గేటుకి టు లెట్ బోర్డు వేలాడుతుంటుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు బాగుందనే అంటారు. ఎదురింటి సూర్యప్రభగారితో రెండు నిమిషాలు మాట్లాడతారు. ఆ తర్వాత మళ్ళీ ఫోన్ ఎత్తరు.

ఏం జరుగుతుందంటే — తాళం వేసున్న ఆ ఇంట్లో, కిటికీ వెనకాల, నేలకి మూరెడెత్తున చిన్న పసుప్పచ్చ వెలుగు పుడుతుంది. బల్బూ కాదు, దీపమూ కాదు. కాసేపటికి ఆడమనిషి గొంతు... నూతిలోంచి వస్తున్నట్టు, సన్నగా...

“లోపటికి రా...”

అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

మా కాలనీ ఆటో లింగస్వామి చెవులారా విన్నాడు. నల్గొండ పక్క పల్లెలో శ్మశానం పక్కనే పుట్టి పెరిగానని గొప్పలు పోయేవాడు. ఇప్పుడు డబల్ ఇస్తానన్నా ఆ గల్లీలోకి బండి తిప్పడు. సందు మొదట్లోనే దింపేసి, జర నడ్వండి సార్ అంటాడు.

అలా దిగి నడిచిన ఒకాయన సంగతి చెప్తాను. ఆయన చెప్పగా విన్నదే. అసలు పేరెందుకు లెండి, పరువుగల మనిషి. ఉపేంద్ర అనుకుందాం. ఆ పరువు ఎంత గొప్పదో మీకే తెలుస్తుంది.

ఉపేంద్రది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. పాత పాటల పెట్టెలంటే పిచ్చి. రికార్డు ప్లేయర్లు, వాల్వు రేడియోలు, పెద్ద చక్రాల స్పూలు టేపురికార్డర్లు — ఎక్కడ మూలపడున్నా మోసుకొచ్చి, విప్పి, తుడిచి, మళ్ళీ మాట్లాడిస్తాడు. ఇంట్లో మంచం కింద స్పీకర్లు, బీరువా మీద యాంప్లిఫయర్లు. పెళ్ళాం అరిచీ అరిచీ ఊరుకుంది. ఇలాంటి పిచ్చోళ్ళే ఓ పదిమంది ఉన్నారు. ఆదివారాలు ఎవరో ఒకరి డాబా మీద చేరతారు. వాట్సాప్‌లో గ్రూపు కూడా ఉంది. బాగుచేసిన మెషిన్ వీడియో పెడితే మిగతావాళ్ళు ఆహా ఓహో అంటారు. ఆ ఆహా ఓహోల కోసం ప్రాణం పెడతాడీ మనిషి.

కోఠిలో కండెన్సర్లు కొనేచోట ఆయనకో పెద్దాయన తగిలాడు. అంతయ్య. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన స్పూలు టేపురికార్డరు మూడేళ్ళుగా తిరగడం లేదట. ఏ షాపువాడూ ముట్టుకోనన్నాడట. దాంట్లో ఏముందని ఉపేంద్ర అడగలేదు. మెషిన్ ఏ మోడలని మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఆ మెషిన్ ఉన్నది ఆ ఆకుపచ్చ గేటు ఇంట్లోనే.

ఇంటికి తెచ్చుకుని నెల రోజులు కూర్చున్నాడు. లోపల బెల్టు కరిగి నల్లటి తారైపోయింది. స్పిరిట్ ముంచిన దూదితో గీకి గీకి తీశాడు. శబ్దం ఎంతుందో చూపే మీటరులో బల్బు మాడిపోతే పసుప్పచ్చది కొత్తది వేశాడు. టేపుకి ఆని మాటను పట్టే ముక్కని హెడ్ అంటారు, అది అరిగి గాడి పడింది. తన దగ్గరున్న వేరే మెషిన్‌లోంచి హెడ్లు తీసి బిగించాడు. అవి పాతవాటికన్నా సన్నవి. ఫరవాలేదనుకున్నాడు.

ఇక రికార్డింగ్ చూడాలి. ఈ పనిలో చిన్నపిల్లాడికైనా తెలిసిన పద్ధతి ఒకటుంది — ఎదుటివాళ్ళ టేపు మీద పరీక్ష చెయ్యకూడదు. ముందు వినాలి, తర్వాతే బటన్ ముట్టుకోవాలి. ఉత్త టేపు పక్కగదిలో ఉంది. లేచి నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకం. పైగా ఫోన్ అప్పటికే స్టాండు మీద పెట్టేశాడు, వీడియో నడుస్తోంది.

మెషిన్ మీదున్న టేపునే మొదటికి తిప్పి, దాని మీదే ఎర్ర బటన్ నొక్కాడు. రేడియోవాళ్ళ గొంతు పెట్టి వార్తలు చదివాడు. ఒకటి కాదు రెండు కాదు, పదిహేను నిమిషాలు. దినపత్రిక ముందు పెట్టుకుని మరీ చదివాడు. మీటరు ముల్లు ఎగురుతుంటే మురిసిపోయాడు. చివర్లో “ఇంతటితో వార్తలు సమాప్తం” అని, చదివింది ఫలానా అని తన పేరు కూడా చెప్పుకున్నాడు, సిగ్గులేని మనిషి. గ్రూపులో బొటనవేళ్ళు వర్షంలా కురిశాయి.

ఆ తర్వాత టేపు వెనక్కి తిప్పి, ఆపకుండా వదిలి విన్నాడు. తన గొంతు అయిపోయింది. వెంటనే ఒక ఆడగొంతు, నవ్వుతూ —

“సాలు... ఇగ బంద్ చెయ్యి.”

మూడు సెకన్లు. టేపు అయిపోయింది.

అప్పుడు ఫోన్ చేసి, మాటల్లో మాటగా, ఆ టేపులో ఏముండేది బాబాయ్ అని అడిగాడు. మా అండాలు మాట ఉంటది సారూ, అన్నాడు అంతయ్య. పదకొండేళ్ళ కింద పోయిన భార్య. ఫోటోలైతే రెండున్నాయట. గొంతు మాత్రం అదొక్కటే.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తన వార్తల మీద ఉత్తదే రికార్డు చేసి, తన గొంతు తుడిచేశాడు. ఆమె మూడు సెకన్లు పోతాయన్న భయంతో కాస్త ముందే ఆపేశాడు. మెషిన్ తీసుకెళ్ళి ఇచ్చి, టేపు పాతబడి మాటంతా ఎగిరిపోయింది, ఆఖరి ముక్క మిగిలిందని చెప్పాడు. నువ్వేం జేస్తవ్ బిడ్డా, పాతదాయె, అని అంతయ్య వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అన్నం తినిపోమన్నాడు. వాడు కూర్చుని తిన్నాడు కూడా. ఆ ముద్దలు ఎలా దిగాయో వాడికే తెలియాలి.

ఆ రోజు నుంచి ఆ గల్లీ వైపు పోలేదు. వానాకాలంలో అంతయ్య మీర్‌పేటలో కూతురు జ్యోతిక ఇంటికి వెళ్ళిపోయాడని, ఇంటికి తాళమని తెలిసింది. హమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ ఇంట్లో గొంతు వినిపిస్తోందన్న పుకారు మొదలైంది ఆ తర్వాతే.

మెషిన్ ఇచ్చొచ్చి ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు పక్క వీధిలో ఎవరో రేడియో ఇస్తామంటే ఉపేంద్ర బయల్దేరాడు. లింగస్వామి మామూలుగానే సందు మొదట్లో దింపేశాడు. ఎనిమిదిన్నర. కరెంటు ఉంది గానీ, ఆ ఇంటి దగ్గర స్తంభం లైటు వెలగడం లేదు. ఉపేంద్ర తలొంచుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ...

కిటికీలో పసుప్పచ్చ వెలుగు.

ఆగిపోయాడు. ఆ వెలుగు తనకి తెలుసు... ఎక్కడో చూశాడు... చేత్తో పట్టుకుని చూశాడు...

“బువ్వ సల్లారుతుంది... లోపటికి రా...”

ఆ గొంతు జీవితంలో మూడు సెకన్లే విన్నాడు. ఐదు నెలలుగా మర్చిపోలేదు. తన చేత్తో తుడిచేసిన గొంతు. లేని గొంతు. అది పిలుస్తోంది.

గేటు పట్టుకుని నిలబడిపోయాడు. పెద్దాయన కూడా పోయాడేమో, ఇద్దరూ లోపలే ఉన్నారేమో అనుకున్నాడు. లోపల గొంతు ఏదో అంటోంది, ఆగుతోంది, మళ్ళీ అంటోంది... ఎంతసేపు గడిచిందో తెలీదు. అప్పుడు చీకట్లోంచి ఒక మగగొంతు వచ్చింది, గంభీరంగా —

“ఇంతటితో వార్తలు సమాప్తం.”

తన గొంతు.

“సాలు... ఇగ బంద్ చెయ్యి.”

టక్కున ఏదో నొక్కిన చప్పుడు. వెలుగు ఆరిపోయింది. ఉపేంద్ర నోట్లోంచి ఎలాంటి కేక వచ్చిందో గానీ, పక్కసందులోంచి టార్చిలైటు పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. మంకీ క్యాప్, చంకలో టిఫిన్ డబ్బా.

అంతయ్య.

బతికే ఉన్నాడు. వెనక దర్వాజా తీసి లోపలికి తీసుకెళ్ళాడు. సంగతి ఏంటంటే, పగలంతా మీర్‌పేటలోనే ఉంటాడట. మెషిన్ అక్కడ పెడితే తల్లి మాట విని జ్యోతిక ఏడుస్తోందట. అందుకని ఇక్కడే ఉంచి, సాయంత్రం బస్సెక్కి వచ్చి, ఒకసారి విని, ఆఖరి బస్సుకి వెళ్ళిపోతాడట. లైటెందుకు, మీటరు బల్బు చాలు కదా అన్నాడు. గల్లీవాళ్ళు దెయ్యం అనుకుంటున్నారని ఆయనకి తెలియనే తెలియదు.

“ముందంత గొర్రుమనే సప్పుడు తప్ప ఏం లేకుండె సారూ. ఎంటనే కాదు, నెల దాటినంక ఒక్కొక్క మాట రావట్టింది. ఎట్లొచ్చింది?”

ఉపేంద్ర టార్చి తీసుకుని వంగి చూశాడు. హెడ్‌ని బిగించే చిన్న స్క్రూ వదులైంది. మేం స్క్రూ సరిగ్గా కుదిరాక, కదలకుండా దాని మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ పెడతాం. ఆ చుక్క పెట్టడం మర్చిపోయాడు మహానుభావుడు. మోటారు అదురుకి స్క్రూ తిరిగి, హెడ్ వెంట్రుకవాసి కిందికి జారింది. కొత్త హెడ్ సన్నది కదా, అది టేపు మధ్యలోనే తుడిచింది. అంచున ఆమె మాట సన్నటి చారలా మిగిలే ఉంది. జారిన హెడ్ ఇప్పుడు ఆ అంచు మీద నడుస్తోంది.

ఇంకో రెండు మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. పాత టేపు బాబాయ్, అప్పుడప్పుడూ అలా తిరిగొస్తుంది, అంటే నమ్ముతాడు. అనబోయాడు కూడా.

“నాకు మొదటి దినమే తెల్సు బిడ్డా,” అన్నాడు అంతయ్య మెల్లగా. “ఆఖర్ల నీ పేరు నువ్వే చెప్పినవ్ గదా.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“మరి... అడగలేదేం బాబాయ్?”

“నువ్వే ఒచ్చి చెప్తవని చూసిన. ఐదు నెల్లు. రోజు నీ వార్తలు ఇన్నంకనే బంద్ చేస్తున్న.”

వాడు నేల మీద కూర్చుండిపోయాడు. తప్పైపోయింది, నేనే తుడిచేశాను, వీడియో కోసం, అని ఆ నేలకే చెప్పాడు. అంతయ్య ఊఁ అన్నాడు. ఈ స్క్రూ బిగిస్తే ఇంకా మంచిగా వినిపిస్తుందా అని అడిగాడు. బిగిస్తే ఉన్నదీ పోతుందన్నాడు ఉపేంద్ర. అయితే ముట్టుకోకు, అన్నాడు పెద్దాయన, రెండు చేతులూ మెషిన్ మీద అడ్డం పెట్టి.

ఉపేంద్ర లేచి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, ఫ్యాన్సీ షాపులో ఎర్ర నెయిల్ పాలిష్ కొన్నాడు. స్క్రూ మీద, అది జారిన చోటే, ఊపిరి బిగబట్టి ఒక చుక్క పెట్టాడు. ఇక కదలదు. అంత తప్పుగా, అంత జాగ్రత్తగా ఆ చెయ్యి ఎప్పుడూ పనిచెయ్యలేదు.

ఇది జరిగి మూడు నెలలైంది. ఇల్లు ఇంకా కిరాయికి పోలేదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదని సూర్యప్రభగారితో ఒక్క మాట అంటే పోతుంది. కానీ మరి ఆ గొంతేంటండీ అని ఆవిడ అడుగుతుంది. అప్పుడు మొత్తం చెప్పాలి. అందుకని ఉపేంద్ర నోరు మూసుకుని, ఆ గల్లీ తప్పించి తిరుగుతున్నాడు. పెద్దాయన మాత్రం రోజూ బస్సెక్కి వస్తూనే ఉన్నాడు.

ఇంతసేపూ ఉపేంద్ర ఉపేంద్ర అంటూ వచ్చాను. ఆ టేపులో ఉన్న పేరు అది కాదు. బాబాయ్ రోజూ రాత్రి వింటున్న మాట ఇది:

“ఇంతటితో వార్తలు సమాప్తం. చదివింది, మల్లికార్జునరావు.”

అది నా పేరే. రేపు పొద్దున సూర్యప్రభగారి తలుపు కొట్టి ఇదంతా ఇలాగే చెప్తాను, ఈసారి పేరు మార్చకుండా.