తోడల్లుడి రైలు

"బాంబు లేదు," అన్నాడు బాస్. "అదే మన ఖర్మ."

ఏజెంట్ ముప్పై ఏడు కుర్చీలో ముందుకు జరిగాడు. గది తలుపుకి రెండు తాళాలు, కిటికీకి మందపాటి కర్టెన్, బల్ల మీద ఒకే ఒక ఫైలు. గోడ మీద స్క్రీన్ వెలిగింది. పొడుగాటి గూడ్సు బండి కనిపించింది.

"డెబ్బై రెండు ట్యాంకర్లు. నిండా క్రూడ్ ఆయిల్. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి కొండ మీద స్టేషన్‌లో ఆగుతుంది. డ్రైవర్ దిగిపోతాడు. రిలీఫ్ డ్రైవర్ ఎక్కేదాకా గంటన్నర సేపు బండిలో మనిషి ఉండడు. అక్కణ్ణుంచి పదకొండు కిలోమీటర్లు ఏటవాలు. ఏటవాలు చివర ఊరు."

"పట్టాలు ఊరి పక్కనుంచా?"

"నడిబొడ్డునుంచి. ఇటు బడి, అటు మార్కెట్. విదేశీ ముఠా ఒకటి ఈ వారంలోనే ఆ బండిని కిందికి వదలబోతోంది. పేల్చరు, కాల్చరు. బ్రేకులు వదులుగా ఉంచుతారంతే. మిగతాది ఏటవాలు చూసుకుంటుంది. అందరూ యాక్సిడెంట్ అనుకుంటారు. భయపడి మనవాళ్ళు రైళ్ళలో ఆయిల్ ఆపేస్తారు. అప్పుడు ముఠావాళ్ళ ఓడలు తప్ప దిక్కుండదు."

"లోపలి మనిషి ఎవరు సార్?"

"తెలీదు. నెమలి అక్కడే ఉంది. తనే నిన్ను కలుస్తుంది. అప్పటిదాకా తొందరపడకు."

నెమలి డబుల్ ఏజెంటు. ఆమె తమ మనిషని ముఠా నమ్మకం, మన మనిషని బాస్ నమ్మకం. మూడు మిషన్లలో ముప్పై ఏడు ప్రాణం రెండుసార్లు కాపాడింది. ఒక్కసారి కూడా 'శభాష్' అనలేదు. ఆ బాధ అతను ఎవరికీ చెప్పుకోలేదు.

బాస్ ఫైల్లోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ బండి డ్రైవర్ ఇతను. నీకు బంధువట?"

ముప్పై ఏడు ఫొటోని దగ్గరికి లాక్కున్నాడు. ఫొటోలో ఉన్నది స్వయానా అతని తోడల్లుడు, వాళ్ళ అత్తగారి పెద్దల్లుడు.

అత్తగారి ఇల్లు ఆ ఊళ్ళోనే, పట్టాలకి నలభై అడుగుల దూరంలో. పెద్దకూతురూ అల్లుడూ ఆవిడతోనే ఉంటారు. పుట్టిల్లు చూసొస్తానని ముప్పై ఏడు భార్య కూడా పోయిన వారమే అక్కడికి వెళ్ళింది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ముప్పై ఏడు వాటర్ ఫిల్టర్లు అమ్మే సేల్స్‌మన్. అతనికొచ్చిన రెండు మెడల్సూ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరొచ్చినా అత్తగారిది ఒకటే పాట: "మా పెద్దల్లుడుగారు డెబ్బై రెండు ట్యాంకర్లని ఒంటిచేత్తో నడుపుతారండీ." ఆ తర్వాత కాస్త ఆగి, గొంతు తగ్గించి, "చిన్నల్లుడుగారు కూడా మంచివారేలెండి."

ఆ 'కూడా' అతని నిద్ర చెడగొట్టినన్ని రాత్రులు ఏ శత్రుదేశమూ చెడగొట్టలేదు.

"నీకేమైనా ఇబ్బందా?" అన్నాడు బాస్.

"లేదు సార్."

ఇబ్బంది లేకపోవడమేమిటి, లోపల పండగలా ఉంది. లోపలి మనిషి ఎవరో ముప్పై ఏడు అప్పుడే తేల్చేసుకున్నాడు. ఇక సాక్ష్యాలు దొరకడమే తరువాయి.

*

మర్నాడు మధ్యాహ్నానికి అతను కొండ మీద స్టేషన్‌లో వ్యాగన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగాడు. ఖాకీ యూనిఫాం, అంటించుకున్న మీసం, చేతిలో ఫిల్టర్ శాంపిళ్ళ పెట్టె. పెట్టెలో ఒక ఫిల్టర్ లోపల కెమెరా, ఇంకోదాని లోపల వైర్‌లెస్. జేబులో ఏ తాళమైనా తీసే పెన్ను.

స్టేషన్ చిన్నది. ఒక ప్లాట్‌ఫాం, ఒక క్యాంటీన్, చివర్న నూనె వాసన కొట్టే దీపాల గది. పట్టాలు మార్చే పాత పాయింట్స్‌మన్ ఒకడు బీడీ కాలుస్తూ బెంచీ మీద కూర్చున్నాడు.

"ఈ ఆయిల్ బండి డ్రైవర్ ఎలాంటివాడు?" అని కదిపాడు ముప్పై ఏడు.

"ఆయనకో పిచ్చి సార్," అన్నాడు పాయింట్స్‌మన్. "ఇక్కడ బండి ఆపితే ముప్పై వ్యాగన్లకి చేతి బ్రేకులు బిగించాలని రూలు. చక్రం పట్టుకుని తిప్పితిప్పి బిగించాలి. ఆయన వేరేవాళ్ళని ముట్టుకోనివ్వడు. ముప్పయ్యీ తనే తిప్పుతాడు. తర్వాత ఇంజన్ బ్రేకు వదిలేసి, బండి నిలబడిందో లేదో చూస్తాడు."

"అందరూ అంతేగా?"

"ఎక్కడ సార్! ఇంజన్ బ్రేకు వదలకుండానే 'బండి కదల్లేదు, అంతా బాగుంది' అని రాసేసేవాళ్ళే ఎక్కువ. ఇంజనే పట్టుకునుంటే బండెక్కడికి పోతుంది? ఇంజన్ ఆగితే గాలి పోతుంది, గాలి పోతే ఆ బ్రేకూ పోతుంది. అప్పుడు ఆపేవి ఈ చేతి చక్రాలే. ఈయన మాత్రం వదిలి చూడందే బండి దిగడు."

'అతి శ్రద్ధ. అనుమానించదగ్గది' అని ముప్పై ఏడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

అప్పుడే క్యాంటీన్ కిటికీలోంచి నవ్వు వినిపించింది. లోపల రైల్వే సేఫ్టీ ఆఫీసర్ వేషంలో నెమలి. నల్లకళ్ళద్దాలు, చక్కగా ముడేసిన జుట్టు. ఎదురుగా టీ తాగుతున్నది తోడల్లుడు. అతనేదో చెబుతున్నాడు, ఆమె పడీపడీ నవ్వుతోంది. ముప్పై ఏడు చెప్పిన మాటకి ఆమె ఏనాడూ అలా నవ్వలేదు. అతను ఆమెకి నవ్వొచ్చే మాట ఏనాడూ చెప్పలేదనుకోండి, అయినా ఒళ్ళు మండింది. అత్తగారు చాలదన్నట్టు ఈవిడ కూడానా!

నవ్వు ఆపి నెమలి ఒక కవరు ముందుకు జరిపింది. తోడల్లుడు అటూ ఇటూ చూసి జేబులో పెట్టుకున్నాడు.

ఫిల్టర్‌లోని కెమెరా చప్పుడు లేకుండా నాలుగు ఫొటోలు తీసింది. తొందరపడకు అన్న బాస్ మాట ముప్పై ఏడుకి గుర్తుంది. కానీ సంకెళ్ళు పడ్డ పెద్దల్లుడి ముందు నిలబడ్డ అత్తగారి మొహం కూడా కళ్ళ ముందు మెదిలింది. రెండో బొమ్మే బాగుంది.

*

మర్నాడు తొమ్మిది ముప్పై రెండుకి బండి ఆగింది. తోడల్లుడు చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ ఇంజన్ దిగి, మొదటి వ్యాగన్ వైపు నడిచాడు. ముప్పై ఏడు అడ్డం నిలబడ్డాడు.

"చేతులు ముందుకు పెట్టు."

"ఎవరయ్యా నువ్వు? ఏం కావాలి?" అని తోడల్లుడు ఒక్క క్షణం తేరిపార చూశాడు. "తమ్ముడూ! నువ్వా? ఆ మీసమేంటి?"

క్లిక్‌మని సంకెళ్ళు పడ్డాయి. జేబులోంచి కవరు లాగేసుకున్నాడు ముప్పై ఏడు.

"ఆగు తమ్ముడూ, అది తర్వాత చూసుకుందాం. ముందు బ్రేకులు బిగించాలి. ముప్పై చక్రాలు..."

"నీ నాటకాలు చాలన్నయ్యా."

ఇంతలో రిలీఫ్ డ్రైవర్ వచ్చాడు. రావాల్సిన టైముకంటే దాదాపు గంటన్నర ముందే వచ్చాడు. సన్నగా, వినయంగా ఉన్నాడు. "బ్రేకులు నేను చూసుకుంటాను సార్, మీరు వెళ్ళండి," అన్నాడు.

"చూసుకో," అన్నాడు ముప్పై ఏడు.

తోడల్లుణ్ణి దీపాల గదిలో పెట్టి తాళం వేశాడు. లోపలినుంచి తలుపు బాదుతున్నా వినిపించుకోలేదు. ప్లాట్‌ఫాం చివర కూర్చుని బాస్‌కి వైర్‌లెస్‌లో రిపోర్టు మొదలుపెట్టాడు. 'ద్రోహి దొరికాడు' అన్న వాక్యం అతనికి ఎంత నచ్చిందంటే, దాన్ని మూడు రకాలుగా రాసి చూసుకున్నాడు. అలా అరగంట గడిచిపోయింది.

"ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి," అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

"మరిగించి తాగండి," అని కోడ్ పూర్తిచేసి గర్వంగా తిరిగాడు. "ఆలస్యంగా వచ్చావు. నీ డ్రైవర్‌గారు లోపలున్నారు."

నెమలి కళ్ళద్దాలు తీసింది. "ఏ డ్రైవరు? కవరు తెరిచి చూశావా?"

చూడలేదు. తెరిచాడు. లోపల ఒక ఫొటో ఉంది. సన్నగా, వినయంగా ఉన్న మనిషి. ఫొటో వెనక నెమలి రాసిన ఒక పేరు, దాని కింద తోడల్లుడి గుండ్రటి చేతిరాత: 'మేడమ్, వెతికించాను. ఈ పేరుతో ఏ డిపోలోనూ డ్రైవర్ లేడు.'

ముప్పై ఏడు ఫొటోని తిప్పి మళ్ళీ చూశాడు. "మరి నిన్న నవ్వావు?"

"ఏంటి?"

"క్యాంటీన్‌లో. ఆయనేదో చెబితే తెగ నవ్వావు."

"వాళ్ళ అత్తగారి గురించి చెప్పాడు, నవ్వొచ్చింది. నువ్వు నిఘా పెట్టింది ముఠా మీదా, నా మీదా?" ఆమె గొంతు ఒక్కసారిగా మారింది. "ఆగు. ఆ చప్పుడేది?"

చప్పుడే లేదు. బండి వచ్చినప్పటినుంచీ గుర్రుమంటున్న ఇంజన్ ఆగిపోయింది. వ్యాగన్ల కింద బుస్సుమంటున్న గాలి కూడా సన్నగిల్లి ఆగింది. రిలీఫ్ డ్రైవర్ ఎక్కడా లేడు. ఒక్క చక్రమూ బిగించలేదు. వెళ్తూ వెళ్తూ వ్యాగన్లలో గాలి కూడా వదిలేసి పోయాడు.

డెబ్బై రెండు ట్యాంకర్లు కిర్రుమంటూ అంగుళం కదిలాయి.

*

ముప్పై ఏడు దీపాల గది తలుపు తెరిచి, పెన్నుతో సంకెళ్ళు ఊడదీశాడు.

"అన్నయ్యా, తప్పయిపోయింది. కుళ్ళుతో చేశాను. నువ్వు దొంగవైతే బాగుండని..."

"తెలుసు. ముందు పద," అన్నాడు తోడల్లుడు, అప్పటికే పరుగెడుతూ.

"ఇంజన్ స్టార్ట్ చేస్తే?"

"గాలి నిండటానికి పావుగంట పడుతుంది. ఏటవాలు బాగా పెరిగే వంపు ఇక్కణ్ణుంచి కిలోమీటరే. వంపు దాటితే దేవుడు కూడా ఆపలేడు. చక్రాలే గతి. ముప్పై పడితే నిలబడుతుంది. ఈ మొదటి ముప్పైలో నువ్వు ముందునుంచి, మేడమ్ మధ్యనుంచి, నేను వెనకనుంచి." తన గ్లవ్స్ ఊడదీసి నెమలికిచ్చాడు. అంత ప్రళయంలోనూ ముప్పై ఏడు ఆ గ్లవ్స్ వైపు ఒకసారి చూశాడు.

నెమలి పరుగెడుతూనే వైర్‌లెస్‌లో ఊరిని హెచ్చరించింది. కానీ బడి ఖాళీ చెయ్యడానికే ఇరవై నిమిషాలు కావాలి. వంపు దాటిన బండికి పది చాలు.

ముప్పై ఏడు కదులుతున్న వ్యాగన్ మెట్టెక్కి చక్రం పట్టుకున్నాడు. ఇనుము వేడిగా, మొండిగా ఉంది. ఒళ్ళంతా వేసి తిప్పితే పావు చుట్టు తిరిగింది. అతని పెట్టెలో ఉన్న ఏ పరికరమూ దీనికి పనికిరాదు. మొదటి చక్రం బిగిసేసరికి నడకంత ఉన్న వేగం పరుగంత అయింది. కళ్ళ ముందు భార్య మొహం. వంటింట్లో వదిన, వరండాలో అత్తగారు. ఆవిడ తనని ఇంకో ముప్పై ఏళ్ళు దెప్పినా ఫరవాలేదు, బతికుంటే చాలని జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

"ఎన్నయ్యాయి?" అని వెనకనుంచి తోడల్లుడి కేక.

"నాలుగు!"

"నాకు ఆరు!" నెమలి.

"నాకు తొమ్మిది! ఆపకండి!"

తొమ్మిదట! అసూయ మనిషిని ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. ఈసారి అది ముప్పై ఏడు భుజాల్లోకి దిగింది. ఐదోది, ఆరోది బిగించాడు. అరచేతుల్లో చర్మం లేచిపోయింది. ఏడోది. వేగం తగ్గుతోంది కానీ ఆగడం లేదు. చక్రాల కింద నిప్పురవ్వలు. ఇంజన్ ముక్కు వంపు దగ్గరికి వచ్చేసింది. పట్టాల కిందుగా ఊరు, బడి పెంకులు, మార్కెట్ గొడుగులు కనిపిస్తున్నాయి.

"పదమూడు!" తోడల్లుడు.

"తొమ్మిది!" నెమలి.

ఇరవై తొమ్మిది. ముప్పై ఏడు ఎనిమిదో చక్రం మీద పడ్డాడు. తిప్పాడు, తిట్టాడు, ఏడ్చాడు, మళ్ళీ తిప్పాడు. చక్రం ఇక తిరగనంది.

బండి కీచుమని అరిచి, ఒక్క కుదుపు కుదిపి, నిలబడిపోయింది. ఇంజన్ ముందు చక్రాలు వంపు మొదట్లో ఉన్నాయి.

ముగ్గురూ వ్యాగన్ల మీదనుంచి కిందికి దిగారు. తర్వాత నెమలి వచ్చి గ్లవ్స్ తిరిగి తోడల్లుడికిచ్చి, "శభాష్," అంది. అతనికే అంది.

రిలీఫ్ డ్రైవర్ నాలుగు కిలోమీటర్ల అవతల ఆగిపోయిన మోటార్‌సైకిల్ పక్కన దొరికాడు. తెల్లారకముందే దాని ట్యాంకులో పెట్రోలు నెమలి దాదాపు ఖాళీ చేసేసింది. అతని జేబులోని కాగితాలతో సాయంత్రంలోగా ముఠా మొత్తం లోపలికి వెళ్తుందని బాస్ చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు. "బండిని డ్రైవర్ ఒక్కడే ఆపాడు. నువ్వు అక్కడ లేవు, నెమలి అసలు పుట్టనే లేదు. అర్థమైందా?"

అర్థమైంది.

*

మధ్యాహ్నం భోజనాల వేళకి అత్తగారి ఇల్లు ఇరుగుపొరుగులతో కిటకిటలాడింది. ముప్పై ఏడు మీసం పీకేసి, ఫిల్టర్ల పెట్టెతో గుమ్మంలోకి వచ్చేసరికి తోడల్లుడి మెడలో దండ కూడా పడిపోయింది.

భోజనానికి పక్కపక్కనే కూర్చున్నారు. తోడల్లుడు రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. మంచివాడు, మింగుడుపడటం లేదు.

"అత్తయ్యగారూ, నిజం చెప్పాలంటే ఇవాళ బండిని ఆపింది నేనొక్కణ్ణే కాదండీ. అసలు ఆ ఆఖరి చక్రం ఇదిగో మన..."

తొమ్మిదేళ్ళుగా ముప్పై ఏడు ఎదురుచూసిన మాట అది. బల్ల కింద తోడల్లుడి కాలు కలుక్కుమనేలా తొక్కాడు.

"...మన దేవుడు తిప్పాడు," అని ముగించాడు తోడల్లుడు, కళ్ళనీళ్ళతో.

"ఎంత వినయమో!" అని అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

భార్య ముప్పై ఏడు చెయ్యి పట్టుకుని అదిరిపడింది. "ఏంటండీ ఈ బొబ్బలు?"

"ఫిల్టర్ మూత బిగుసుకుపోయింది. తిప్పాను."

అత్తగారు అతని కంచంలో ఇంకాస్త వడ్డిస్తూ జాలిగా చూసింది. "ఒక్క మూతకే ఇన్ని బొబ్బలా బాబూ! పెద్దల్లుడుగారు ముప్పై చక్రాలు తిప్పొచ్చారు, చూడండి."

శత్రువుకి దొరికితే నోరు విప్పకుండా ఉండటం ఎలాగో ట్రైనింగ్‌లో ఆరు నెలలు నేర్పారు. అత్తగారికి దొరికితే ఎలాగో ఎవరూ నేర్పలేదు.