పాత సిస్టమ్‌లో మాస్టారు

"కంప్యూటర్ రిపేరా సార్?" ఏజెంట్ జిగురు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. పట్టుకుంటే వదలడు కాబట్టి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు.

"రిపేరే," అన్నాడు చీఫ్. "పోయిన నెల మనం పోగొట్టుకున్న సీనియర్ ఏజెంట్, మాస్టారి ఇంట్లో కంప్యూటర్. సరిహద్దు అవతలున్న ఆయన తమ్ముడికి సిగ్నల్ పంపే ప్రోగ్రామ్ అందులోనే ఉంది. మాస్టారిని చంపిన ముఠా ఈ సాయంత్రం తమ్ముణ్ణి పట్టుకోబోతోంది. సిగ్నల్ అందితేనే బతుకుతాడు."

"పంపేస్తే పోలా?"

"ఎవరో మహానుభావులు సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశారు. కొత్తదాంట్లో ఆ ప్రోగ్రామ్ తెరుచుకోదు. పాతది మళ్ళీ ఎక్కించు. అక్కడ మన సెంటు ఉంటుంది, సాయం చేస్తుంది."

సెంటు డిపార్ట్‌మెంట్‌లోకెల్లా అందగత్తె. మనిషికంటే ముందు పరిమళం వచ్చేది.

జిగురు రిపేరువాడి వేషంలో మాస్టారింట్లో అడుగుపెట్టాడు. ఆయన చొక్కా ఇంకా కొక్కేనికే ఉంది. కీబోర్డు పక్కన కళ్ళజోడు, ఇప్పుడే తీసిపెట్టి లేచినట్టు.

"స్లోగా ఉందంటే ఈ అమ్మాయే కొత్తది వేసింది బాబూ," అంది మాస్టారి భార్య, సెంటుని చూపిస్తూ. "పాతది ఆన్ చెయ్యగానే ఆయన గొంతుతో 'వచ్చావా?' అనేది. ఇప్పుడు దానికి నోరు పడిపోయింది. ఇంట్లో ఉండాలంటే భయమేస్తోంది. మళ్ళీ మాట్లాడుతుందా?"

జిగురు మాస్టారు తయారుచేసుకున్న పాత సిస్టమ్ సీడీ పెట్టాడు. సి డ్రైవ్ తుడిచేశాడు. మాస్టారి ఫైళ్ళున్న డి డ్రైవ్ జోలికి మాత్రం పోలేదు. సిస్టమ్ ఎక్కింది గానీ సౌండ్ డ్రైవర్ దొరక్క ముచ్చెమటలు పట్టాయి. ఎట్టకేలకు దొరికింది. రీస్టార్ట్ చేశాడు.

"వచ్చావా?" అన్నారు మాస్టారు.

ఆవిడ కుర్చీ పట్టుకుని భోరుమంది. చచ్చిపోయిన మనిషి గొంతు అంత మామూలుగా ఉంటుందని జిగురు అనుకోలేదు.

జిగురు సిగ్నల్ ప్రోగ్రామ్ తెరిచాడు. తెర మీద రెండే మాటలు. ఒకటి నొక్కితే 'వెళ్ళొస్తా', రెండు నొక్కితే 'వెళ్తున్నా'. వాటిలో ఒక మాటకి అర్థం అంతా క్షేమమని, ఇంకోదానికి పారిపొమ్మని. ఏది ఏదో చీఫ్‌కే తెలియదు.

"ఒకటి నొక్కు," అంది సెంటు. "అదే డేంజర్ కోడ్. మాస్టారు స్వయంగా నాకు చెప్పారు."

జిగురు వేలు ముందుకు కదిలింది.

"అదెలా అవుతుందమ్మా?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "గుమ్మం దాటేవాళ్ళు వెళ్ళొస్తా అనే కదా అంటారు? మా మరిదికీ చిన్నప్పుడు నేనే నేర్పాను. చివరి రోజు మాత్రం ఈయన వెళ్తున్నా అన్నారు. అవేం మాటలండీ అని కేకలేశాను. నవ్వేసి వెళ్ళిపోయారు."

సెంటు హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసి జిగురుకి గురిపెట్టింది. "మాటలు చాలు. ఒకటి నొక్కు."

"ఓసి నీ దుంపతెగ! మాస్టారిని పట్టించిందీ నువ్వేనా? తడిగుడ్డతో గొంతులు కోశావే!"

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆవిణ్ణి ఎవరు పట్టించుకుంటారు? మెల్లగా చెయ్యి చాపి రెండు నొక్కేసింది.

"వెళ్తున్నా," అన్నారు మాస్టారు.

తాను చంపించిన మనిషి గొంతు చెవి పక్కనే వినపడేసరికి సెంటు కొయ్యబారిపోయింది. ఆ క్షణం చాలు. జిగురు స్క్రూడ్రైవర్ పిడిలోని మత్తుసూది ఆమె మణికట్టులో దిగింది.

కాసేపటికి ఫోన్ మోగింది. "తమ్ముడు తప్పించుకున్నాడు," అన్నాడు చీఫ్. "సెంటు కోసం వ్యాన్ పంపాను. ఇక ఆ కంప్యూటర్ మొత్తం తుడిచెయ్. ఒక్క ఫైలు కూడా మిగలకూడదు."

జిగురు వెనక్కి చూశాడు. ఆవిడ మళ్ళీ రీస్టార్ట్ చేసి తెర ముందు కూర్చుంది.

"తుడిచేశాను సార్."

"వచ్చావా?" అన్నారు మాస్టారు.

ఆ గొంతు ఫోన్‌లో చీఫ్‌కీ వినపడింది. "ఎవరయ్యా అది?"

"ఇంటాయన సార్."