మూడు గాట్లు

పొద్దున్నే లేవగానే పొయ్యి తలుపు తీసి చూడటం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. బేకరీ మూసేసి రెండేళ్ళయినా చేయి ఊరుకోదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది మాత్రం కూతురి గాజు కొలిమి. నిన్న రాత్రి గాజు పలక కాల్చి, చల్లారడానికి వదిలేసి పడుకుంది.

ఆయన తలుపు జానెడు తెరిచాడు. వేడి మొహాన కొట్టింది. లోపల చీకటి. ఏమీ కనబడకముందే ‘టక్’మని చప్పుడు. గభాలున తలుపు మూసేశాడు.

"నాన్నా! కొలిమి తీశావా?" కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఊరికే... కాలిందో లేదోనని."

"అదేమన్నా రొట్టా? ఇంకా నూట ఎనభై డిగ్రీలుంది. దానంతటది చల్లారాలి. గాలి తగిలితే నిలువునా చీలుతుంది. ఎల్లుండి లైబ్రరీ గుమ్మం మీదకి ఎక్కాల్సిన పలక నాన్నా. మూడు నెలల పని!"

భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఏమండీ, షాపుకి వేసిన తాళం ఆ చేతులకి కూడా వేసుంటే పోయేది."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా ఊరుకోలేకపోయాడు.

"తప్పు నాదే అమ్మడూ. కానీ ఆరేళ్ళుగా నువ్వు చేసినవన్నీ మీ అమ్మావాళ్ళ వలలూ, పడవలే. పేపర్లో కూడా జాలరుల మనవరాలనే వేశారు. పిండి మూట నెత్తిన పెట్టుకుని కొండ దాటొచ్చిన మా నాన్న నీకేమీ కాడా? ఇందులోనైనా మేమున్నామేమోనని చూశానే."

కూతురి కోపం సగంలో ఆగిపోయింది. కొలిమి ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయనా పక్కనే కూలబడ్డాడు. మధ్యాహ్నం భార్య కంచం తెచ్చి ఒళ్ళో పెట్టింది. "పస్తుంటే గాజు అతుక్కుంటుందా? తినండి."

సాయంత్రం తలుపు తీశారు. పలక కింద పరిచిన మట్టి బిళ్ళ ఒకటి పగిలి రెండు ముక్కలై ఉంది. పొద్దున చప్పుడు చేసింది అదే. పలక చెక్కుచెదరలేదు. నీలం వల మీద, తేనెరంగులో మూడు ఏటవాలు గాట్లు.

ఆయన వంగి ఆ గాట్లను వేలితో తడిమాడు. ఈ ఊరి భాష ఒక్క ముక్క రానప్పుడు, ఇది నా రొట్టె అని చెప్పుకోవడానికి తన తండ్రి ప్రతి రొట్టె మీదా బ్లేడుతో పెట్టిన గాట్లు అవి.

"ప్రతిసారీ పెట్టాను నాన్నా," అంది కూతురు. "వేడికి కరిగి పూడిపోయేవి. ఇన్నాళ్ళకి నిలబడ్డాయి."

"నాకు తెలుసు," అంది భార్య. "చెబితే నా తల తీసేస్తానంది."

ఆయన పలకను రెండు చేతులా ఎత్తి కూతురికి పట్టుకోమని ఇచ్చాడు. కాలిందో లేదోనని రొట్టె అడుగున తట్టి చూసినట్టే, వేలు మడిచి కింద మెల్లగా తట్టి చెవి ఆనించాడు. ఖంగుమంది.

"కాలిందే అమ్మడూ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "బాగా కాలింది."