తొమ్మిదో గది పిలుపు

ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో తొమ్మిదో గదికి చెడ్డపేరు. గోడలు చెమ్మెక్కాయని ఎప్పుడో మంచం తీసేసి, తాళం వేశారు. అయినా పదకొండు రాత్రులుగా ఆ గది నుంచి, రోగి మీట నొక్కితే వచ్చే పిలుపుగంట నర్సు ఫోనులో మోగుతోంది. అక్కడ పోయిన ముసలాయన ఇంకా పిలుస్తున్నాడని వార్డంతా గుసగుస...

రాత్రి నర్సు రెండుసార్లు పైవాళ్లకి రాసి పంపింది. "మళ్లీ ఇలాంటి కథలు చెబితే ఉద్యోగం ఉండదు" అన్నారు. అప్పట్నుంచి తొమ్మిది మోగితే చాలు, కళ్లు మూసుకుని ఫోను నొక్కి ఆపేస్తోంది.

ఆ రాత్రి వైఫై రక్షణ మార్చడానికి వచ్చింది ఆమె అక్క కూతురే. ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో అందరికీ ఇంకా పాపే.

"దెయ్యమూ లేదు గియ్యమూ లేదు పిన్నీ. మీ పాత వైఫై తాళాన్ని నేనైతే పది నిమిషాల్లో విప్పేస్తా. ఎవడో దూరి ఆడుకుంటున్నాడు. గంటలన్నీ కొత్త వైఫైకి మార్చి పాతది ఆపేస్తే, నీ దెయ్యం నోరు మూతే!"

"నీ నోట్లో చక్కెర పొయ్య... మెల్లగా అనవే, వింటుంది!"

నర్సుల బల్ల దగ్గర్నుంచే, రెండున్నరకల్లా నలభై ఒక్క పిలుపుగంటలు మారాయి. లిస్టులో ఉన్నవి నలభై రెండు. మిగిలింది — తొమ్మిది.

"ఖాళీ గదేగా, ఆపెయ్యి తల్లీ" అంది పిన్ని.

పాప వేలు మీట మీదకి వెళ్లి ఆగింది. ఒక్కటి తేడా ఉన్నా ఆ పిల్లకి నిద్రపట్టదు. "తాళంచెవి ఇలా ఇవ్వు."

తలుపు కిర్రుమంది. లోపల చెమ్మ వాసన. గోడకి ఉత్త కొక్కెం... గంట లేదు.

అప్పుడే పిన్ని జేబులో ఫోను బుర్రుమంది.

తెర మీద — తొమ్మిది.

పిన్ని ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూశావా... చెబితే విన్నావు కాదు..."

పాప బుర్ర మాత్రం లెక్క వదల్లేదు. "పిన్నీ... గదికో మంచం. ఈ గది కాక మంచాలు నలభై రెండు. లిస్టులో ఈ తొమ్మిది తీసేస్తే గంటలు నలభై ఒకటే. ఏదో మంచానికి గంట లేదు..." లిస్టు పైనుంచి కిందికి చూసింది. "పద్నాలుగు లేదు!"

ఇద్దరూ పరుగెత్తారు.

పద్నాలుగో గదిలో గొంతు ఆపరేషనయిన పెద్దావిడ. పగలు కూతురు తోడుంటుంది, రాత్రిళ్లు ఒంటరి. మాట ఇంకా రాలేదు. మంచం మీంచి సగం జారి, ఊపిరి అందక ఎగశ్వాస తీస్తోంది. పిడికిట్లో గంట. దాని వెనక అరిగిన అంకె — తొమ్మిది.

ఈ గది గంట చెడిపోతే, ఖాళీ గదిదే కదా అని ఎవరో తెచ్చి తగిలించారు. నంబరు మార్చడం మర్చిపోయారు.

పిన్ని ఆవిడని ఎత్తి కూర్చోబెట్టి, గొంతులో పెట్టిన గొట్టం శుభ్రం చేసింది. ఊపిరి కుదుటపడింది. పాప పాత రికార్డు తెరిచింది. పదకొండు రాత్రులు... నూట ఆరు పిలుపులు.

"అమ్మా..." పిన్ని మంచం పక్కనే కూర్చుంది. "ఇన్ని రాత్రులూ మీరేనా?"

పెద్దావిడ ఉలిక్కిపడింది. గబగబా గంటని దుప్పటి కింద దాచేసి, ఇంకెప్పుడూ నొక్కనన్నట్టు తల అడ్డంగా ఊపింది.