కూలిన సొరంగానికి గాలి

మధ్యాహ్నం భోజనాలయ్యాక గాలి ప్లాంటులో అందరికీ కాస్త కునుకు పట్టే వేళ. వాల్వు గదిలో ఇనప స్టూలు మీద కూలబడి దర్యాప్తు అధికారిణి మోకాళ్ళు నొక్కుకుంటోంది. అధికారిణి అనేది కాగితం మీది మాట. ఊళ్ళో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు, కోపమొచ్చినప్పుడు కూడా.

ఈ గ్రహం మీదికి మనుషులొచ్చి రెండు తరాలైంది. ఇప్పటికీ బయట ఊపిరాడదు. ఈ ప్లాంటు తయారుచేసే గాలే ఊరంతటికీ ఆధారం. అలాంటి గాలిని కొన్నాళ్ళుగా ఎవరో దొంగచాటుగా పాత సొరంగంలోకి వదిలేస్తున్నారు. తొమ్మిదేళ్ళ కిందట కొండ కూలి, ఒక షిఫ్టు మొత్తాన్ని మింగేసిన గని సొరంగం అది. ఆ షిఫ్టులో పెద్దక్క భర్త కూడా ఉన్నాడు. శవాలైనా దొరక్కపోవడంతో దాన్ని మూసేసి ఊరుకున్నారు. ఇప్పుడు అక్కడికి గాలి పోతుంటే ఇక్కడ ముసలివాళ్ళు ఆయాసపడుతున్నారు. బడి కూడా మూతపడింది. ఇది కావాలని చేస్తున్న విద్రోహమేనని ఊరి పెద్దలు తేల్చారు.

సొరంగంలోకి పోయే పైపు వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ డ్యూటీలో ఉన్నది పొట్టి. పెద్దక్కకు సొంత తమ్ముడు, నలభై దాటిన మనిషి, పెళ్ళాం బిడ్డలున్నవాడు. సాయంత్రంలోగా అసలు దోషి దొరక్కపోతే వాణ్ణి భూమికి పోయే నౌక ఎక్కించేస్తారు. వెళ్ళడానికే పన్నెండేళ్ళు. మళ్ళీ పిల్లల మొహం చూడడం కల్లే. తమ్ముడి కేసు నాకొద్దు మొర్రో అని పెద్దక్క మొత్తుకుంది. ఊళ్ళో దర్యాప్తు చేసేది నువ్వొక్కదానివే, నిన్ను కాదని ఎవర్ని పట్టుకొచ్చేది అన్నారు ఊరి పెద్దలు. అదీ నిజమే.

అందుకే పొద్దుట్నుంచీ వాడి ఎదురుగా కూర్చుంది. అడిగిందే అడిగి ఆమె అలిసిపోయింది, చెప్పిందే చెప్పి వాడు అలిసిపోయాడు. తను వాల్వు చక్రం ముట్టుకోనే లేదంటాడు. తల తిప్పి చూసేసరికి అది తెరుచుకుని ఉంటుందట. ఆ మాట చెప్పడానికి వాడికే సిగ్గుగా ఉన్నట్టుంది.

కరెంటు పొదుపంటూ దీపాలు తీసేయడంతో పట్టపగలే గదంతా చీకటి. నూనె కంపు, తడి తుప్పు వాసన. పంపు ఒకటే రొద. పెద్దక్క కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు పైపు మీద ఎవరో తట్టారు.

మెల్లగా. ఇనుము మీద రాయితో తట్టినట్టు. వేడికి పైపు సాగుతోందేమో అనుకుంది. కాసేపు ఆగి... మళ్ళీ. ఈసారి ఇంకాస్త దగ్గరగా...

"అక్కా," అన్నాడు పొట్టి గొంతు తగ్గించి. "చెయ్యి తియ్యి."

వాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె స్టూలు మీద లేదు. రెండు చేతులూ చక్రం మీదున్నాయి... చక్రం పూర్తిగా తిరిగి ఉంది.

ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తిప్పిందో తెలియదు. ఎందుకు తిప్పిందో మాత్రం తెలిసిపోయింది. గనిలో మొదటిరోజే నేర్పే పాఠం అది. పైపు మీద తట్టుడు వినిపిస్తే ముందు గాలి వదులు, ఎవరని తర్వాత అడుగు. ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె గనిలోనే పనిచేసింది, తమ్ముడూ చేశాడు. బుర్ర ఆలోచించేలోపే చేతులు ఆ పని కానిచ్చేస్తాయి. అంటే వాడు అబద్ధమాడలేదు. అలా అనుకోగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఇంకో అనుమానం. మరి తట్టిందెవరు?

చక్రం మూసి, పక్కనున్న చిన్న కుళాయి విప్పింది. సొరంగంలోని గాలిని పరీక్షించడానికి పెట్టిన కుళాయి అది. అన్నేళ్ళు మూతపడిన చోటు నుంచి చల్లటి మట్టి వాసన రావాలి. అరచెయ్యి అడ్డం పెట్టింది. వెచ్చగా తగిలింది. చెయ్యి చెమ్మగిల్లింది. ఎవరో పీల్చి వదిలిన గాలి...

తట్టుడు ఎక్కువైంది.

ఆమె పానా అందుకుంది. చక్రం ఊడదీస్తే ఇక ఎవరి చేతులూ వాల్వును తిప్పలేవు. ఊరికి గాలి దక్కుతుంది. పాత చక్రం దానంతటదే వదులైపోతోందని చెబితే తమ్ముడూ దక్కుతాడు.

"వద్దక్కా," అన్నాడు వాడు గుసగుసగా. "బావ లోపలున్నాడేమో."

"నువ్వు ఇక్కడున్నావు కదరా," అంది.

బోల్టులు విప్పుతుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. చివరి బోల్టు ఊడింది. తట్టుడు నీరసపడి... ఆగి... ఇంకొక్కసారి వినిపించి... ఆగిపోయింది.

ఇక మిగిలింది కుళాయి. మూద్దామని చెయ్యి పెట్టింది. గాలి లోపలికి లాగింది. ఆగింది. వెచ్చగా బయటికొచ్చింది. మొదటిది నిదానంగా. తర్వాతది కురచగా, దగ్గుతో. ఆ తర్వాతది వేరే రకంగా. లోపల ఎవరెవరో వంతులు వేసుకుని ఆ చిన్న గొట్టానికి నోరు ఆనిస్తున్నట్టు...

మూయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఈ కాస్త గాలి పోతే ఊళ్ళో ఎవరికీ తెలియదులే అనుకుంది. ఇన్నాళ్ళూ ఊరు వెతుకుతున్న దోషి ఇక తనే. ఆ ఊపిరుల్లో మొగుడిదేదో పోల్చుకోవాలని చూసింది. అన్నేళ్ళు పక్కన పడుకుని కూడా తేల్చుకోలేకపోయింది.

అప్పుడు ఇంకొకటి తగిలింది. చాలా చిన్నది... గబగబా... అరచేతి మధ్యలో మాత్రమే. పసిగుడ్డు ఊపిరి.

ఆ రోజు గనిలోకి దిగిన వాళ్ళందరూ పెద్దవాళ్ళే.